బడి మగ్గానికి పడుగెవరు చేస్తారు?

తెనాలి నుంచి రేపల్లెకు పోయే రైలు మార్గం వేమూరు, భట్టిప్రోలు మీదుగా సాగుతుంది. స్తూపానికీ, ధాతుపేటికల మీది ప్రాచీన లిపికీ పేరుపడ్డ భట్టిప్రోలులోనూ, దగ్గరి ఐలవరంలోనూ చేమగ్గాలున్నాయి. బాపట్ల దాటి ఒంగోలు వైపు పోతే చీరాల, జాండ్రపేట, వేటపాలెం వరసగా నేత ఊళ్ళే. తెనాలికి అటువైపు మంగళగిరి ఉండనే ఉంది. ఇంత నేత మధ్య ఉండి కూడా ఇక్కడి బడిపిల్లల్లో చాలామంది తాము తొడుక్కున్న చొక్కా గుడ్డ ఎలా తయారైందో తెలియకుండానే పదో తరగతి దాటిపోతున్నారు. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) అనే మాటలు వాళ్ళకు తెలుగు వాచకంలో జాతీయంగా తగులుతాయి తప్ప చేతికి తగలవు. నేత పిల్లలదీ ఇదే పరిస్థితి. మగ్గం ఇంట్లోనే ఉన్నా దాని వైపు రావద్దని పెద్దలే చెబుతున్నారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి.

ఈ లోటు తీర్చడానికి ఒక ఆలోచన వినిపిస్తోంది. సంచిలో పట్టే చిన్న మగ్గాన్ని కంప్యూటర్‌లో గీసి, లేజర్ యంత్రంతోనో సీఎన్‌సీ రూటర్‌తోనో కోసి, విప్పి బిగించుకునేలా బడులకు ఇవ్వాలని. ఇది మంచి ఆలోచనే అని నేను నమ్ముతున్నాను. అయితే దీన్ని సమర్థించేవాళ్ళు మగ్గం గురించి చెప్పినంతగా పడుగు గురించి చెప్పడం లేదు, అసలు చిక్కు అక్కడే ఉందని కూడా నమ్ముతున్నాను. రెండు పక్షాల వాదాలనూ ఇద్దరు మనుషుల నోట పెడుతున్నాను. ఒకరు భట్టిప్రోలు వైపు నేతగాడు, వయసు మళ్ళినవాడు. మరొకరు బాపట్ల వైపు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలు. ఇద్దరూ కల్పితులే. వాళ్ళ వాదాలకు ఆధారాలు మాత్రం కల్పితాలు కావు.

నేతగాడు: మీ మగ్గం బొమ్మ చూశానమ్మా. ముచ్చటగానే ఉంది. కానీ అడుగు వెడల్పు గుడ్డ నేసే ఆ చట్రాన్ని మగ్గం అంటే నాకు మింగుడుపడటం లేదు. గుంట మగ్గంలో కూర్చున్నవాడి కాళ్ళు తొక్కుతుంటాయి, కుడిచెయ్యి నాడె తాడు లాగుతుంటుంది, ఎడమచెయ్యి పలక కొడుతుంటుంది, కళ్ళు తెగిన పోగు కోసం వెతుకుతుంటాయి. ఒళ్ళంతా ఒక లెక్కలో పడితేనే గుడ్డ సమంగా వస్తుంది. అది ఏళ్ళ తరబడి కూర్చుంటే అబ్బే పని. పదిరోజుల్లో ఒక బల్లమీద పిల్లలు నాలుగు బెత్తల గుడ్డ నేసి, నేత నేర్చుకున్నాం అనుకుంటే మా పని మరీ చులకనైపోదా? ఇంకో మాట. మా పిల్లలకు మేము వద్దన్న పనిని మీ పిల్లలకు ఆటగా ఇవ్వడానికి డబ్బులున్నాయి, మాకు గిట్టుబాటు కూలి ఇవ్వడానికి మాత్రం లేవు. ముందు ఆ సంగతి చూడండి.

అధ్యాపకురాలు: కూలి సంగతి మీరన్నది నిజం బాబాయ్ గారూ, దాన్ని ఈ మగ్గం తీర్చదు. తీరుస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఈ పది రోజుల్లో ఎవరూ నేతగాళ్ళు కారు, కానక్కర్లేదు కూడా. వాళ్ళకు గుడ్డ చదవడం రావాలి, అంతే నేను కోరేది. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. కొన్ని రకాల వస్త్రాలు చేమగ్గం మీదే నేయాలంది. ఇప్పుడా జాబితాలో 11 రకాలున్నాయి. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అంగట్లో అమ్ముడవుతూనే ఉంది. తనిఖీ చేసేవాళ్ళు చాలకపోవడం ఒక కారణం, కొనేవాళ్ళకు తేడా తెలియకపోవడం అంతకంటే పెద్ద కారణం. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, దాని అనుబంధ పనుల్లో 35 లక్షలమందికి పైగా ఉన్నారు, వాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళే. ఇంతమంది బతుకు కొనేవాళ్ళ చూపు మీద ఆధారపడి ఉంది. తన చేత్తో రెండు జానల గుడ్డ నేసిన పిల్లకు అంచు తిన్నగా రావడం ఎంత కష్టమో తెలుస్తుంది, పేక ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా ఎందుకు పడుతుందో తెలుస్తుంది. ఆ పిల్ల రేపు పెద్దదై చీర కొనేటప్పుడు ధర చూసి ఉలిక్కిపడదు. ఇంత సన్నటి నూలుతో ఇంత పని చేసినవాళ్ళకు ఇందులో ఎంత దక్కుతుందని అడుగుతుంది.

నేతగాడు: అడిగితే సంతోషమే. కానీ బడీ, చేతిపనీ కలిపిన చరిత్ర మంచిది కాదమ్మా. 1953లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో ఒక పథకం పెట్టాడు. పల్లె బడుల్లో పిల్లలు పూటబడికి రావాలి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి అన్నాడు. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపడేదాకా మన గుంటూరు జిల్లా కూడా మద్రాసులోదే. కులవృత్తిలోనే పడుండమంటున్నారని జనం మండిపడ్డారు, 1954లో కామరాజ్ వచ్చాక ఎత్తేశారు. ఎత్తేయడమే మంచిదయింది. సాలోళ్ళ పిల్లవాడు సాలోడే కావాలి, కుమ్మరోళ్ళ పిల్లవాడు కుమ్మరే కావాలి అని బడి చెబితే ఆ పిల్లవాడికిక దారేది? ఇప్పుడు మీరు మగ్గాన్ని సంచిలో పెట్టి మళ్ళీ బడి గుమ్మం ఎక్కిస్తున్నారు. దాన్ని ఎవరి పిల్లల ఒళ్ళో పెడతారు? ఊరి చివర సర్కారు బడిలో ఉన్నవాళ్ళ ఒళ్ళోనే గదా. తెనాలిలో పెద్ద ఫీజులు కట్టే బడుల్లో అయితే రోబోలు, కోడింగూ నేర్పుతారు.

ఈ ఆక్షేపణ చాలా బలమైనది. చేతిపనుల విద్యను మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా దీన్ని దాటవేస్తారు. 1937 వార్ధా సమావేశంలో గాంధీ ముందుపెట్టిన, జాకిర్ హుస్సేన్ సంఘం రూపం ఇచ్చిన నయీ తాలీంలో చేతిపని చుట్టూ చదువంతా అల్లుకోవాలన్న ఆలోచన గొప్పది. కానీ పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే బడి ఖర్చు వెళ్ళిపోవాలన్న షరతు దాన్ని మొదటినుంచీ బరువెక్కించింది. పిల్లల చేతిలో తకిలి ఎంత నూలు వడికిందన్న లెక్క ముందుకొచ్చి, ఆ నూలుతో ఏం నేర్చుకున్నారన్నది వెనక్కిపోయే ప్రమాదం అందులోనే ఉంది. రాజాజీ పథకంలో ఆ ప్రమాదానికి కులం కూడా తోడైంది. కాబట్టి ఈనాటి బడి మగ్గానికి రెండు కట్టుబాట్లు తప్పవు. ఏ కులం, ఏ వీధి, ఏ బడి అన్న తేడా లేకుండా పిల్లలందరూ దాని ముందు కూర్చోవాలి. దాని మీద నేసినదేదీ అమ్మకూడదు.

అధ్యాపకురాలు: ఆ రెండు కట్టుబాట్లకూ నేను సిద్ధం. మీరు రోబోల మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. మగ్గం, కోడింగ్ ఎడమొహం పెడమొహం కాదు. ప్రతి పడుగు పోగూ పేకకు పైనైనా ఉంటుంది, కిందైనా ఉంటుంది, మూడో స్థితి లేదు. గళ్ళకాగితం మీద నల్లగడి, తెల్లగడి గుర్తులుగా రాసుకుంటే అదే నేత డిజైను. ఫ్రాన్సులో జకార్డ్ 1804 నాటికి ఆ గళ్ళను అట్టల మీద రంధ్రాలుగా పొడిచాడు. అలాంటి అట్టలే తర్వాత లెక్కల యంత్రాల ఆలోచనకు దారిచూపాయి. మన దగ్గర జకార్డ్ పెట్టి నేసేవాళ్ళు ఆ అట్టల్ని ఇప్పటికీ వాడుతున్నారు. కాబట్టి ఫీజులు కట్టే బడిలో ఈ మగ్గం ఉండాలంటాను, సర్కారు బడిలోనూ ఉండాలంటాను. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ప్రతి విద్యార్థీ పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తికారుల దగ్గర గడపాలంది. స్థానిక కళల్లో నిపుణుల్ని బడులు బోధకులుగా పెట్టుకోవచ్చని కూడా అంది. కాగితం మీద దారి ఉంది, దాన్ని వాడుకోవడం మనవంతు.

నేతగాడు: సరే, నేర్పాలనే అనుకుందాం. దానికి ఈ లేజరు, కంప్యూటరు దేనికి? టేకు ముక్కలిస్తే మా వడ్రంగి వారంలో చట్రం చేసిస్తాడు. అచ్చంటారా, అది మేమెప్పుడూ కొనేదే, స్టీలు పళ్ళతో వస్తుంది, అందులో ముక్క కోసుకుంటే సరిపోతుంది. పోగులు లేపడానికి నూలుతో ఉచ్చులు కట్టుకుంటారు. వందల ఏళ్ళుగా ఉన్న పద్ధతే. మీ పట్నం యంత్రం వస్తే వడ్రంగికి పని పోతుంది, చెడితే బాగుచేసేవాడు ఊళ్ళో ఉండడు.

అధ్యాపకురాలు: చట్రం విషయంలో మీతో ఏకీభవిస్తాను. నాలుగు పట్టెలు, రెండు గుండ్రటి దూలాలు, వాటిని తిరగకుండా ఆపే పళ్ళచక్రం, కొక్కెం. ఇవి వడ్రంగి పనే. యంత్రం నాకు కావలసింది ఒక్క భాగానికే. మీ మగ్గంలో పోగుల్ని విడదీసే ఉచ్చులు వేరు, పేకను కొట్టే అచ్చు వేరు. చిన్న మగ్గంలో ఈ రెండు పనుల్నీ ఒకే పలకతో చేయించవచ్చు. పలకలో ఒక సన్నటి నిలువు చీలిక, దాని పక్కన సన్నటి పట్టీ, ఆ పట్టీ మధ్యలో ఒక రంధ్రం, మళ్ళీ చీలిక, మళ్ళీ రంధ్రం. పోగుల్లో సగం రంధ్రాల్లోంచి, సగం చీలికల్లోంచి పోతాయి. పలక ఎత్తితే రంధ్రాల పోగులు పైకి లేస్తాయి, చీలికల పోగులు కదలవు. దించితే రంధ్రాల పోగులు కిందికి పోతాయి. రెండుసార్లూ నాడె పోవడానికి దారి పడుతుంది. అదే పలకతో పేకను దగ్గరికి కొట్టవచ్చు. తొక్కుడు చెక్కలు అక్కర్లేదు, గుంట అక్కర్లేదు. విదేశాల్లో ఇళ్ళలో నేసుకునేవాళ్ళు ఇలాంటి మగ్గాలు చాలాకాలంగా వాడుతున్నారు. అంగుళానికి 10 పోగుల చొప్పున 12 అంగుళాల పలకకు 120 పోగులు. అంటే 60 చీలికలు, 60 రంధ్రాలు, ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పు. రంపంతో ఇది ఎంత నేర్పరికైనా కష్టం. ఒక్కో చీలిక పావు మిల్లీమీటరు పక్కకు జరుగుతూ పోతే చివరికి గుడ్డ వంకరపోతుంది. లేజర్‌కు ఇది నిమిషాల పని. ఇంకో లాభం, ఆ పలక గీత ఒక ఫైలుగా ఉంటుంది. అంగుళానికి 6 పోగుల పలక కావాలంటే పిల్లలే అంకె మార్చి కోయించుకోవచ్చు. వెలితి నేతకూ చిక్కటి నేతకూ తేడా ఏమిటో అప్పుడు వాళ్ళకు కళ్ళముందు కనిపిస్తుంది. విరిగితే ఆ ఒక్క పలకే మళ్ళీ కోయిస్తారు.

ఇక్కడ 1929 నాటి ఒక సంగతి గుర్తుచేయాలి. అఖిల భారత చరఖా సంఘం ఆ ఏడు మంచి రాట్నం రూపకల్పనకు లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ షరతులు ఈనాటికీ రూపకర్తలు చదవదగ్గవి. తేలిగ్గా ఉండాలి, ఎక్కడికైనా తీసుకుపోగలగాలి, పల్లె గుడిసెలో చేత్తోనో కాలితోనో తిప్పగలగాలి, భారతదేశంలోనే తయారుకావాలి, ధర 150 రూపాయలు దాటకూడదు. అక్కడితో ఆగలేదు. 20 ఏళ్ళు నడవాలి, ఏటా మరమ్మతుల ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు అన్నారు. ఆ బహుమతి చివరికి ఎవరికీ దక్కలేదు. ఆ కాలంలోనే యెరవాడ జైల్లో గాంధీ చేతుల్లో మెరుగైన పేటీ చరఖా మాత్రం పెట్టెలో ఇమిడి దేశమంతా తిరిగింది. తయారీ ధరతో పాటు మరమ్మతు ధరను కూడా మొదటి రోజే అడగడం ఆ షరతుల్లోని వివేకం. నేతగాడు వడ్రంగి గురించి, బాగుచేసేవాడి గురించి అడిగిన ప్రశ్న అదే.

నేతగాడు: బాగుచేసే మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఆ పలక దేంతో చేస్తారు? లేజరుతో కోసిన చెక్క అంచు మాడి నల్లబడుతుంది. ఆ మసి తెల్లనూలుకు అంటుకుంటుంది. అంచు గరుకుగా ఉంటే పోగు లేచి, పీచు రేగి, తెగిపోతుంది. మాది సముద్రపు గాలి ఆడే నేల. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానలకు గుంట మగ్గంలోకి నీళ్ళు ఊరితే రోజుల తరబడి పని ఆగిపోతుంది. మీరు సంచిలో పెట్టే పలక ఆ చెమ్మకు ఉబ్బదా? ప్లాస్టిక్‌తో అచ్చుపోస్తామంటారు కొందరు, అది ఎండకు నిలుస్తుందా?

అధ్యాపకురాలు: మూడూ న్యాయమైన ప్రశ్నలే. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కిందో, తలుపులు మూసిన కారులోనో పెడితే వంగిపోవచ్చు. అందుకని దాన్ని నాడెకూ చిన్న కొక్కేలకూ పరిమితం చేయాలి, బిగువు మోసే చోట వాడకూడదు. ఎండీఎఫ్ చెక్క నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, దాన్ని పూర్తిగా వదిలేయాలి. పలకకు యాక్రిలిక్ మంచిది. లేజర్‌తో కోసిన దాని అంచు నునుపుగా వస్తుంది, మసి ఉండదు. కాకపోతే కిందపడితే చిట్లుతుంది, అందుకే ఫైలు చేతిలో ఉండాలంటున్నాను. ప్లైవుడ్ వాడక తప్పకపోతే సాండ్‌పేపర్ పట్టి, మైనం రుద్దాలి. ఇంకో మెలిక కూడా ఉంది. లేజర్ తన దారిలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మేర పదార్థాన్ని కాల్చేస్తుంది, 6 మిల్లీమీటర్ల పేరుతో అమ్మే ప్లైవుడ్ అచ్చంగా 6 ఉండదు. ముందు చిన్న ముక్క కోసి కొలుచుకోకుండా మొత్తం కోస్తే కీళ్ళు వదులవుతాయి. ఒక్కో పోగు మీద 40 గ్రాముల బిగువు పెడితే 120 పోగులు కలిసి దాదాపు 5 కిలోల బలంతో రెండు దూలాల్నీ దగ్గరికి లాగుతాయి. పలచటి చట్రం ఆ లాగుడుకు వంగిపోతుంది. అందుకే చట్రం వడ్రంగి చేతిలో, గట్టి కర్రతో ఉండాలంటున్నాను.

నేతగాడు: ఇప్పుడు దారికొచ్చారు. ఇక నేను అడగాలనుకున్న అసలు మాట అడుగుతా. తరగతిలో 30 మంది పిల్లలు. ఒక్కొక్కరికి 120 పోగులు. మొత్తం 3,600 పోగులు. ఒక్కో దాన్ని చీలికలోనో రంధ్రంలోనో దూర్చాలి. అలవాటులేని చెయ్యి పోగుకు అర నిమిషం తీసుకున్నా 30 గంటలు. ఒక్కొక్కరికి రెండు మీటర్ల పడుగైతే, 7,200 మీటర్ల నూలు చిక్కుపడకుండా, పొడుగు తేడా రాకుండా తీయాలి. ఈ పని ఎవరు చేస్తారు? మీ మగ్గాల బొమ్మల్లో పడుగు ఎప్పుడూ ఎక్కించే ఉంటుంది, నేసే పిల్ల నవ్వుతూ ఉంటుంది. పడుగు చేసినవాళ్ళు ఎక్కడా కనబడరు.

అధ్యాపకురాలు: నిజానికి మేము అనుకున్నది, పడుగు ముందే ఎక్కించి మగ్గాన్ని బడికి పంపాలని. పిల్లలు వెంటనే నేత మొదలుపెడతారు, విసుగు రాదు.

నేతగాడు: అలా చేస్తే మీరు నేర్పేది నేతలో సగమే తల్లీ. అదీ మగవాళ్ళకు పేరొచ్చే సగం. చిలపల్ని రాట్నం మీద తోడేది, కండెలు చుట్టేది, పడుగుకు నూలు సిద్ధం చేసేది మా ఇళ్ళలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. కూలి లెక్కలో వాళ్ళ పేరు ఉండదు, గుడ్డ మీద నేసినవాడి పేరే. బడిలో కూడా పడుగు ఎక్కడినుంచో సిద్ధంగా వచ్చేస్తే, పిల్లలకు మీరు నేర్పేది కూడా ఆ కంటికి కనబడని పని కనబడకుండా పోవడమే. పడుగు పిల్లలతోనే చేయించండి. గోడకు మేకుల చట్రం కొట్టి, ఇద్దరిద్దరి చొప్పున పొడుగు కొలిచి తీయనివ్వండి. సన్ననూలు వద్దు. చీరలకు మేము వాడే 80, 100 నంబరు నూలు వాళ్ళ చేతిలో నిలవదు. 10వ నంబరు నూలు రెండు పేటలు పేనింది ఇవ్వండి, కంటికి కనబడుతుంది, తెగదు. ఇక ఆ 3,600 పోగుల దూర్పుడు ప్రతిసారీ అక్కర్లేదు. మేము మాత్రం ప్రతి పడుగుకూ అచ్చు కొత్తగా ఎక్కిస్తామా? నేత అయిపోయాక పాత పడుగు చివర్లు అచ్చులోనే వదిలేస్తాం. కొత్త పడుగు పోగు ఒక్కోటి తెచ్చి పాత పోగు కొసకు మెలిపెట్టి అతుకుతాం. అచ్చు అతకడం అంటే అదే. మీ పలకను చట్రం నుంచి ఊడదీయడానికి వీలుగా చేసి, జానెడు పోగులు దాంట్లోనే ఉండనివ్వండి. ఈ ఏడు పిల్లలు వదిలిన కొసలకు వచ్చే ఏడు పిల్లలు అతుక్కుంటారు.

ఈ మాటతో మగ్గం రూపమే మారిపోతుంది. పలక చట్రంలోనే ఉండిపోయే ఆలోచన పోయి, పైనుంచి దించి తీసే గాడి వస్తుంది. పలక రెండు చివర్లా పోగుల కొసలు చుట్టి పెట్టుకునే చిన్న కొక్కేలు వస్తాయి. పలక ఒక్కో జట్టుకు సొంతమైతే చట్రాలు తక్కువైనా సరిపోతాయి, ఖర్చు తగ్గుతుంది. మగ్గంతో పాటు గోడకు తగిలించే పడుగు చట్రం, చిన్న రాట్నం కూడా ఆ సంచిలో భాగమవుతాయి. వీటిలో ఏదీ కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఆలోచిస్తే తట్టేది కాదు. పోచంపల్లి ఇకత్ నేతలో ఆసు పని అనుభవం ఇదే చెబుతుంది. అర్ధచంద్రాకారంగా పాతిన పుల్లల చుట్టూ చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పి ఆడవాళ్ళు భుజాలు పోగొట్టుకునేవాళ్ళు. 1999లో ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి బాధ చూసి, ఆ పనిని యంత్రానికి అప్పగించారు. బడి మధ్యలో మానేసిన ఆయన ఆసు ముందు కూర్చున్నవాళ్ళ నొప్పి ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాడు కాబట్టి ఆ పరికరం పనికొచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేత పరికరానికి రూపం ఇచ్చే చోట నేతవాళ్ళు కూర్చోవాలన్న వాదానికి మన దగ్గరే ఉన్న ఇంత గట్టి సాక్ష్యాన్ని పక్కనపెట్టలేం.

అధ్యాపకురాలు: మీరు చెప్పినట్టు మార్చుకుంటాను. అయితే ఒక సందేహం మిగిలింది. ఈ యంత్రాలు ఎక్కడున్నాయి? 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చారు, వాటిలో త్రీడీ ప్రింటర్ ఉంటుంది కానీ లేజర్ ఉండటం అరుదు. పుణె దగ్గర పాబల్‌లో విజ్ఞాన్ ఆశ్రమం 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్ పెట్టి, పల్లె బడి పిల్లల చేత పరికరాలు చేయించింది. హైదరాబాద్‌లో 2023లో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం తెరిచారు. మన తెనాలి, రేపల్లెల బడులకు అవి దూరం.

నేతగాడు: అంత దూరం ఎందుకు? పూజగది తలుపులకు జాలీలు కోసే దుకాణాలు చిన్న చిన్న పట్నాల్లో కూడా వచ్చేశాయి కదా. మీరు ఫైలు ఇస్తే పలక కోయరా?

కోస్తారు, యాక్రిలిక్ బోర్డులు కోసేవాళ్ళైతే ఇంకా నున్నగా కోస్తారు. మిల్లీమీటరు చీలికకు రూటర్ ముల్లు చాలా సన్నగా ఉండాలి, అందుకే లేజర్ ఉన్న సైన్‌బోర్డుల దుకాణం మేలు. బాపట్లలో 1981 నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. తెనాలి శిల్పులు పాత ఇనుముతో విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్నారు. రూపం గీయగల, కోయగల, అతకగల చేతులు బాపట్ల, తెనాలి, రేపల్లెల మధ్యే ఉన్నాయి. లేనిదల్లా వీళ్ళనూ నేతవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు. ఆ ఏర్పాటుకు డబ్బు లెక్క ఎలా రాస్తారన్నదే నా దృష్టిలో ఈ పని మంచిచెడ్డల్ని తేలుస్తుంది. పరికరాలకు ఒకసారి ఖర్చుపెట్టి, బోధించే మనిషికి ఏమీ కేటాయించకపోతే సామగ్రి బీరువాలోనే ఉండిపోతుంది. ల్యాబులకైనా, లైబ్రరీలకైనా ఇది తప్పలేదు. మగ్గాల కోసం పెట్టే సొమ్ములో కనీసం సగం నేత చెప్పే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ పీరియడుకు ఇంత అని కూలిగా రాయాలి. తెనాలి-రేపల్లె రైలు దారిలోని బడుల్ని వరసగా కలిపి, వారంలో ఒక్కో రోజు ఒక్కో బడికి ఒకే జంట వెళ్ళేలా చూస్తే, సంచి మగ్గం తేలిగ్గా ఉండాల్సిన కారణం అప్పుడు నిజంగా తెలుస్తుంది. మోసుకెళ్ళేది వాళ్ళు.

మిగిలిన ఒక ఆక్షేపణకూ జవాబు చెప్పాలి. ఇంతా చేసి పిల్లలు నేర్చుకునేది సాదా నేతే గదా, కుప్పడం అంచూ మంగళగిరి జరీ అంచూ ఈ పలక మీద రావు గదా అంటారు. రావు. రావని పిల్లలకు తెలియడమే కావాలి. సాదా నేతలో తిన్నటి అంచు కోసం అవస్థపడ్డ కళ్ళతో చీరాల కుప్పడం చీర చూసినప్పుడు, అంచు రంగు పేకనూ ఒంటి రంగు పేకనూ వరస వరసకూ కలుపుతూ పోవడం ఎంత పనో వాళ్ళకు కనిపిస్తుంది. పుస్తకంలో పదిసార్లు చదివినా ఆ చూపు రాదు. 1985 చట్టం చేమగ్గాన్ని నిర్వచించింది కూడా చాలా సరళంగా: మరమగ్గం కానిది ఏదైనా చేమగ్గమే. ఆ లెక్కన ఆరో తరగతి పిల్ల ఒళ్ళోని అడుగు వెడల్పు మగ్గం కూడా ఈ దేశపు చేమగ్గాల్లో ఒకటే, దానికి తగ్గ గౌరవంతోనే దాన్ని తయారుచేయాలి.

బాపట్ల, తెనాలి, రేపల్లెల ప్రధానోపాధ్యాయులకూ, ఇంజనీరింగ్ అధ్యాపకులకూ నా విన్నపం ఒక్కటే. మొదటి పలక ఫైలు గీసే ముందు భట్టిప్రోలుకో జాండ్రపేటకో వెళ్ళండి. కండెలు చుట్టే ఒక అమ్మనూ, అచ్చు అతికే ఒక మనిషినీ మీ బల్ల దగ్గరకు పిలవండి, వాళ్ళు వచ్చిన ప్రతి రోజుకూ కూలి చెల్లించండి.